హైబ్రిడ్ కిట్టుకు ఆరున్నర లక్షలా? ముందు బ్రేకులు లెక్కపెట్టండి

ప్రశ్న: నాకు మూడు లారీలున్నాయి. రెండు 12 టైర్లవి, మిర్యాలగూడ మిల్లుల నుంచి హైదరాబాద్‌కు బియ్యం తోలుతాయి. ఒక్కోటి నెలకు 6,000 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది, లోడూ ఖాళీ కలిపి సగటున లీటరుకు 4 వస్తుంది. మూడోది పాత 6 టైర్ల బండి, నల్గొండ టౌన్‌లో షాపులకు, కట్టుబడి పనుల దగ్గరికి సిమెంటు, ఇనుము వేస్తుంది. డీజిల్ ఖర్చు పోను చేతిలో ఏమీ మిగలడం లేదు. మా అబ్బాయి ఫోన్‌లో విదేశాల హైబ్రిడ్ లారీల వీడియోలు చూపిస్తున్నాడు. హైదరాబాద్‌లో ఒకాయన పాత బండికే హైబ్రిడ్ కిట్టు బిగిస్తానంటున్నాడు. 30 కిలోవాట్ల మోటారు, బ్యాటరీ, మొత్తం 4 క్వింటాళ్ల బరువు, ధర 6.5 లక్షలు. డీజిల్ 30 శాతం మిగులుతుందని గ్యారంటీ ఇస్తున్నాడు. 25 వేలు అడ్వాన్స్ కూడా పంపించాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. పెట్టించాలా, కంపెనీ హైబ్రిడ్ లారీ వచ్చేదాకా ఆగాలా, లేక కొత్త డీజిల్ బండే తీసుకోవాలా?
– మిర్యాలగూడ నుంచి ఒక లారీ ఓనరు

సమాధానం:

అన్నా, మీ అబ్బాయి చూపించిన వీడియోలు అబద్ధం కావు. కిట్టాయన చెప్పిన 30 శాతం కూడా లోకంలో ఎక్కడా జరగనిదేం కాదు, కాకపోతే మీ 12 టైర్ల బండికి జరగదు. పెట్టించకండి. అడ్వాన్స్ సంగతి చివర్లో చెప్తాను, ముందు ఎందుకు వద్దంటున్నానో వినండి, ఎందుకంటే కారణం తెలియకుండా మానేస్తే రేపు ఇంకొకాయన 28 శాతం అంటూ వస్తాడు, మళ్లీ ఇదే టెన్షన్.

నేనూ ఇలాంటి దాంట్లో పడినవాణ్ణే. జడ్చర్లలో మా ఇంట్లో లారీ ఉన్న రోజుల్లో డీజిల్ పైపుకు తగిలించే అయస్కాంతం ఒకటి 3,500 పెట్టి కొన్నాను. మొదటి వారం మైలేజీ పెరిగిందని డ్రైవర్ చెప్పాడు, నేను పొంగిపోయి ఇంకో ఇద్దరికి కూడా చెప్పాను. తర్వాత ట్రిప్పు షీట్లు తిరగేస్తే తేలిందేమిటంటే, ఆ వారం బండి సగం రోజులు కర్నూలు రోడ్డు మీద ఖాళీగా తిరిగింది. ఖాళీ బండికి మైలేజీ పెరగక ఏం చేస్తుంది! ఆ అయస్కాంతం ఇప్పటికీ మా ఇంట్లో ఫ్రిజ్‌కు అతుక్కుని ఉంది.

హైబ్రిడ్ అలాంటి కనికట్టు కాదు, అది నిజమైన ఇంజినీరింగ్. అది ఎక్కడ పనిచేస్తుందో నాకు అర్థమైంది మాత్రం పుస్తకంలో కాదు, శ్రీశైలం రోడ్డు మీద. అదే బండి, పల్లీల లోడు, మన్ననూరు దాటి అడవిలోంచి పోయి ఈగలపెంట తర్వాత ఘాట్ దిగాం. డ్యాము దగ్గర ఆపితే వెనక చక్రాల దగ్గర కాలిన బ్రేకు లైనరు వాసన గుప్పుమంది, బ్రేకు డ్రమ్ముకు జానెడు దూరంలో చెయ్యి పెట్టినా సెగ తగులుతోంది. క్లీనర్ పిలగాడు బకెట్‌లో నీళ్లు తెచ్చి చల్లబోయాడు. "పిచ్చి లేసిందారా, డ్రమ్ము పగుల్తది!" అని డ్రైవర్ వాణ్ణి కసిరాడు. మేం టీ తాగి వచ్చేదాకా ఆ సెగ తగ్గలేదు.

ఆ సెగ బంకులో డబ్బు కట్టి పోయించుకున్న డీజిలే. డీజిల్ కాల్చి బండికి వేగం ఇస్తాం, ఎత్తు ఎక్కిస్తాం, తర్వాత బ్రేకు తొక్కి ఆ కష్టమంతా డ్రమ్ముల్లో వేడిగా మార్చి గాలికి వదిలేస్తాం. హైబ్రిడ్ లారీలో ఇంజినుకు తోడు ఒక మోటారు ఉంటుంది, బ్రేకు తొక్కగానే ఆ మోటారు డైనమోలాగా తిరిగి, డ్రమ్ములో వేడి కావాల్సినదాన్ని కరెంటు చేసి బ్యాటరీలో దాస్తుంది, మళ్లీ బండి కదిలేటప్పుడు ఆ కరెంటుతో ఇంజినుకు చేయూత ఇస్తుంది. దాని సంపాదన ముఖ్యంగా బ్రేకు దగ్గరే. ఆగినప్పుడు ఇంజిన్ ఆపేయడం, ఇంజినును దానికి నచ్చిన వేగంలో నడపడం లాంటి చిన్న లాభాలు ఇంకొన్ని ఉన్నాయి గానీ అసలు పంట బ్రేకే. అందుకని హైబ్రిడ్ గురించి ఎవరేం చెప్పినా మీరు అడగాల్సిన మొదటి మాట, "నా బండి ఎంత వేగం నుంచి, రోజుకు ఎన్నిసార్లు ఆగుతుంది?" అని.

సరే, మీ బండి లెక్క వేద్దాం. కరెంటు బిల్లులో ఉండే యూనిట్‌తోనే వేస్తాను, ఇద్దరికీ సులువు.

లోడుతో మీ బండి 35 టన్నులు. 50 కిలోమీటర్ల వేగంలో పోతున్న 35 టన్నుల్ని పూర్తిగా ఆపితే వృథా అయ్యేది సుమారు 0.94 యూనిట్, ఒకటే అనుకోండి. ఒక లీటరు డీజిల్‌లో 10 యూనిట్ల శక్తి ఉంటుంది, మంచి ఇంజిన్ అందులో 4 యూనిట్ల పని చేస్తుంది, మిగతాది సైలెన్సర్‌లోంచి, రేడియేటర్‌లోంచి పోతుంది. అంటే నాలుగుసార్లు ఆపితే లీటరు డీజిల్ పని పోయినట్టు. వినడానికి ఇది చాలా పెద్దదే, కిట్టాయన మీకు చూపించింది కూడా ఈ లెక్కే అయి ఉంటుంది.

అయితే ఆ ఒక్క యూనిట్‌ను పట్టుకునేది ఎవరు? బండి 15 సెకన్లలో ఆగిందనుకుందాం. 15 సెకన్లలో దాదాపు ఒక యూనిట్‌ను మింగాలంటే 200 కిలోవాట్ల పైన మోటారు కావాలి. మీ కిట్టు మోటారు 30 కిలోవాట్లు. 30 కిలోవాట్ల మోటారు 15 సెకన్లలో పట్టగలిగేది 0.125 యూనిట్, అంతే. ఎనిమిది వంతుల్లో మిగిలిన ఏడు వంతులు పాత పద్ధతిలోనే డ్రమ్ముల్లో కాలిపోతాయి. వాన కురుస్తుంటే గ్లాసు పట్టుకుని నిలబడ్డట్టు. పట్టిన ఆ కాస్త కూడా బ్యాటరీలోకి పోయి, తిరిగి చక్రానికి వచ్చేసరికి తరుగు పోను 0.1 యూనిట్ మిగిలితే గొప్ప.

ఇప్పుడు రోడ్డు. మిర్యాలగూడలో బయలుదేరి వేములపల్లి, మాడుగులపల్లి టోల్, తిప్పర్తి, నల్గొండ పక్క నుంచి నార్కట్‌పల్లి, అక్కడ 65వ నంబర్ హైవే ఎక్కి చిట్యాల, చౌటుప్పల్, పంతంగి టోల్, తర్వాత సిటీ. దాదాపు 150 కిలోమీటర్లు. ఫాస్టాగ్ వచ్చాక టోల్ దగ్గర కూడా చాలాసార్లు పూర్తిగా ఆగకుండానే పోతున్నాం. ట్రాఫిక్, గేదెలు, యూటర్న్‌లు అన్నీ కలిపి గట్టిగా బ్రేకు తొక్కేది 25 సార్లు అనుకుందాం. 25 సార్లకు 2.5 యూనిట్లు, అంటే 0.6 లీటరు డీజిల్. ఆ ట్రిప్పుకు మీరు కాల్చేది 37 లీటర్లు. 2 శాతం కూడా కాలేదు! తిరుగు ప్రయాణంలో కూడా అంతే మిగిలిందనుకున్నా రానూపోనూ 1.2 లీటర్లు, నెలకు 20 ట్రిప్పులకు 24 లీటర్లు. లీటరు 96 వేసుకుంటే 2,300 రూపాయలు. ఆరున్నర లక్షలను 2,300తో భాగించండి... 282 నెలలు వస్తుంది. ఇరవై మూడున్నర ఏళ్లు! అప్పటికి ఆ లారీ ఉండదు, ఆ బ్యాటరీ అసలే ఉండదు. ఈ లోపు ప్రతి ట్రిప్పులో ఆ 4 క్వింటాళ్లు, అంటే 8 బస్తాల బియ్యం బరువు, కిరాయి లేకుండా మోస్తూనే ఉంటారు.

ఇంకో తిరకాసు కూడా ఉంది, ఇది లెక్క వేసేటప్పుడే నాకూ తట్టింది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, మీ మిర్యాలగూడ కృష్ణ ఒడ్డు పల్లంలో ఉంది. మీరు లోడుతో ఎక్కుతారు, ఖాళీగా దిగుతారు. హైబ్రిడ్‌కు కావాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు, లోడుతో దిగే బండి. 35 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే 9.5 యూనిట్లు చేతికొస్తాయి, 11 టన్నుల ఖాళీ బండి దిగితే 3 యూనిట్లే. పైగా మన దిగుడు 150 కిలోమీటర్ల పొడవునా పరుచుకుని ఉంది, ఘాట్‌లో లాగా బ్రేకు తొక్కాల్సిన పనే రాదు. జపాన్‌లో హినో కంపెనీ 2019లో ప్రొఫియా అనే పెద్ద లారీని హైబ్రిడ్‌లో తెచ్చింది, అది ముందున్న 100 కిలోమీటర్ల రోడ్డులో ఎక్కడ ఎక్కుడుందో ఎక్కడ దిగుడుందో ముందే అంచనా వేసుకుని బ్యాటరీని ఎప్పుడు నింపాలో, ఎప్పుడు వాడాలో తేల్చుకుంటుంది. అక్కడంతా కొండల దేశం, కాబట్టి పనికొస్తుంది. అదే బండిని తెచ్చి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మధ్య వదిలితే దానికి చేసేందుకు పనేముంటుంది చెప్పండి.

మీ 6 టైర్ల బండి దగ్గరికి వస్తే కథ మారుతుంది. నల్గొండ టౌన్‌లో క్లాక్ టవర్ దగ్గర నుంచి గల్లీ గల్లీకి తిరిగే ఆ బండి వేగం 30 దాటదు, సగటున 12 టన్నులు అనుకుంటే ఒకసారి ఆపడంలో పోయేది 0.116 యూనిట్. మీ కిట్టు మోటారు దాన్ని దాదాపు మొత్తం పట్టేస్తుంది, ఇక్కడ వానకు తగ్గ గిన్నె ఉంది! రోజుకు 120 సార్లు ఆగితే, తరుగు పోను 8 యూనిట్లు తిరిగొస్తాయి, అంటే 2 లీటర్లు. ఆ బండి రోజుకు తాగేదే 10 లీటర్లు అయితే 20 శాతం మిగిలినట్టు. ఆగిన ప్రతిసారీ ఇంజిన్ కూడా ఆగేటట్టు ఉంటే ఇంకొంచెం కలుస్తుంది. అందుకే 30 శాతం అనేది పూర్తిగా అబద్ధం కాదన్నాను.

అట్లాగని సంబరపడకండి. నెలకు 26 రోజులు, రోజుకు 2 లీటర్లు, మొత్తం 5,000 రూపాయలు. ఆరున్నర లక్షలు తిరిగి రావడానికి దాదాపు 11 ఏళ్లు, అదీ ఇప్పటికే పాతబడ్డ బండి మీద. ఇదే హైబ్రిడ్ లారీల అసలు తలనొప్పి. శాతం బాగా మిగిలే బండికి డీజిల్ బిల్లు చిన్నది, డీజిల్ బిల్లు పెద్దగా ఉన్న బండికి శాతం మిగలదు. రెండూ కలిసొచ్చే బండ్లు కొన్నే: పొద్దంతా ఆగుతూ కదులుతూ తిరిగే సిటీ బస్సులు, ఇంటింటి చెత్త ఎత్తే పెద్ద బండ్లు, పార్సిల్ బండ్లు.

కావాలంటే ప్రపంచంలో ఇన్నేళ్లూ జరిగింది చూడండి. హినో 1991లోనే హైబ్రిడ్ బస్సు తెచ్చింది, 2003లో చిన్న లారీ డుట్రోలో పెట్టింది, అదీ ఎక్కువగా ఊళ్లో సరుకు పంచే బండి. వోల్వో 2011లో ఎఫ్‌ఈ హైబ్రిడ్‌ను అమ్మకానికి పెట్టినప్పుడు చూపించింది చెత్త బండ్లను, సిటీ సరుకు బండ్లను. అమెరికాలో ఈటన్ అనే గేర్‌బాక్సుల కంపెనీ లారీలకు హైబ్రిడ్ వ్యవస్థ చేసి కూల్‌డ్రింక్ కంపెనీలకు, పార్సిల్ కంపెనీలకు వేల కొద్దీ బండ్లకు అమ్మి కూడా 2014లో అక్కడ ఆ అమ్మకం ఆపేసింది. మన దేశంలో టాటా హైబ్రిడ్ బస్సులు 25 ముంబయిలో బాంద్రా కుర్లా కాంప్లెక్స్ కోసం 2018లో దిగాయి, అవీ సిటీ బస్సులే. వీటిలో బియ్యం లోడుతో హైవే మీద ఒకే వేగంలో పోయే బండి ఒక్కటైనా ఉందా? అదీ సంగతి.

కిట్టు విషయంలో డబ్బు కంటే పెద్ద భయం ఇంకోటి ఉంది నాకు, అది కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. హైబ్రిడ్ కిట్టు బిగించడానికి అసలు దారే లేదని కాదు, ఏఐఎస్-123 అని దానికి ప్రమాణం ఉంది, అందులో మూడున్నర టన్నులు దాటిన బండ్లకు వేరే భాగమే ఉంది. కానీ ఆ కిట్టు పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి టెస్టింగ్ సంస్థలో పాసై, మీ బండి రకానికి పనికొస్తుందని సర్టిఫికెట్ (టైప్ అప్రూవల్ అంటారు) ఉండాలి, ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీ మీద ఎక్కించాలి. ఇవేమీ లేకుండా బిగించిన బండి రేపు చౌటుప్పల్ దగ్గర ఎవరినైనా గుద్దితే, ఇన్సూరెన్స్ సర్వేయర్ కిందికి వంగి, వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర కొత్త మోటారును చూస్తాడు. తర్వాత క్లెయిమ్ ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

బండి కింద జరిగేది కూడా ఆలోచించండి. ఆ మోటారు వెనక ఇరుసును మాత్రమే పట్టి ఆపుతుంది, వానలో తడి రోడ్డు మీద ఆ పట్టు ఎక్కువైతే, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్‌తో సర్దుకోవాలి, కంపెనీ వాళ్లు ఆ సర్దుబాటుకే నెలల తరబడి టెస్టు ట్రాక్ మీద తిప్పుతారు. బయట బిగించేవాడికి అంత తీరిక ఎక్కడిది. ఇక మన నల్గొండ ఎండలు! మే నెలలో 45 డిగ్రీల్లో, కింద తారు సెగ, పక్కనే సైలెన్సర్ వేడి, ఆ మధ్యలో లిథియం బ్యాటరీ. దానికి నీళ్ల కూలింగ్ ఉందా లేక గాలికి వదిలేశారా అని కిట్టాయన్ని అడిగారా? వేడికి బ్యాటరీ ఆయుష్షు ఎట్లా కరిగిపోతుందో ఎండాకాలం మన ఫోన్లు చూస్తేనే తెలుస్తుంది.

ఆగాలా అన్నారు. హైబ్రిడ్ కోసం మాత్రం ఆగకండి. ఇప్పుడు సర్కారు డబ్బు కూడా పూర్తి ఎలక్ట్రిక్ వైపే పోతోంది. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఎలక్ట్రిక్ ట్రక్కుల కోసం 500 కోట్లు పక్కన పెట్టారు, 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బండి బరువును బట్టి గరిష్ఠంగా 9.6 లక్షల దాకా ప్రోత్సాహకం ఉంది, దానికి పాత బండిని తుక్కు కింద ఇచ్చిన సర్టిఫికెట్ చూపించాలి. డీజిల్ హైబ్రిడ్ లారీకి అందులో రూపాయి లేదు. కంపెనీలు ఎటు పరుగెత్తుతాయో దీన్ని బట్టే ఊహించుకోవచ్చు.

మరి ఎలక్ట్రిక్ లారీ తీసుకోమంటారా అంటే, మీ బియ్యం రూటుకు ఇప్పుడే వద్దంటాను. ధర డీజిల్ బండికి రెండింతలు దాటుతుంది, కిస్తీ కట్టేసరికి నడుము విరుగుతుంది. కానీ మీ చుట్టుపక్కలే దానికి సరిగ్గా అతికే పని ఒకటి కనిపిస్తోంది నాకు. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు వచ్చింది, బొగ్గు కాలితే బూడిద వస్తుంది, బూడిద కావాల్సిన సిమెంటు ఫ్యాక్టరీలు పక్కనే వాడపల్లిలో ఉన్నాయి. రోజూ అదే రోడ్డు, తక్కువ దూరం, రెండు చివర్లా కరెంటు. ఇలాంటి చోట ఎలక్ట్రిక్ బండి హైబ్రిడ్‌ను తిని కూర్చుంటుంది, ఎందుకంటే బ్రేకు శక్తి మొత్తాన్ని పట్టేంత పెద్ద మోటారు దానికి ఉండనే ఉంటుంది, డీజిల్ ఖర్చే ఉండదు. ఏ ఫ్యాక్టరీ అయినా మూడు నాలుగేళ్ల ఒప్పందం రాసిస్తానంటే అప్పుడు మళ్లీ నాకు రాయండి, కూర్చుని లెక్క వేద్దాం. ఒప్పందం చేతిలో లేకుండా మాత్రం షోరూం వైపు పోకండి.

కొత్త డీజిల్ బండి అవసరమైతే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది చిన్న విషయం కాదు. అవసరం లేకపోతే ఉన్నవాటితోనే ఇంకో రెండు సీజన్లు లాగండి.

ఇక 6.5 లక్షలు పెట్టకుండా ఆ 2 శాతం, ఇంకా ఎక్కువే, ఎక్కడ దొరుకుతుందో చెప్తాను. మీ డ్రైవర్లు దిగుడు వస్తే న్యూట్రల్ కొడతారా? తొంభై శాతం కొడతారు, మా డ్రైవర్ కూడా కొట్టేవాడు, డీజిల్ మిగులుతుందని వాదించేవాడు కూడా. నిజానికి గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇప్పటి ఇంజిన్లు డీజిల్‌ను పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజినును తిప్పుతాయి. న్యూట్రల్ కొడితే ఇంజిన్ ఆరిపోకుండా ఉండటానికి డీజిల్ పోస్తూనే ఉంటుంది, పైగా బరువంతా బ్రేకుల మీద పడుతుంది. నాలుగు వందల మీటర్ల ముందు టోల్ కనపడగానే కాలు తీసి, గేర్‌లోనే బండిని తన ఊపు మీద పోనిస్తే చివర్లో బ్రేకు తొక్కే పని సగమవుతుంది. హైబ్రిడ్ చేసేది వృథా అయిన ఊపును మళ్లీ ఏరుకోవడం, ఇది అసలు వృథా కానివ్వకపోవడం. దీనికి మోటారు అక్కర్లేదు, డ్రైవర్‌తో పొద్దున టీ తాగుతూ మాట్లాడితే చాలు. మిగిలిన డీజిల్‌లో సగం డబ్బు వాళ్లకే ఇస్తానని చెప్పి చూడండి, ఎవరి పాదం ఎంత మెత్తనిదో నెల తిరిగేలోగా తెలుస్తుంది.

ఆగి ఉన్న బండిలో తిరుగుతూ ఉండే ఇంజిన్ సంగతి ఇంకోటి. పెద్ద ఇంజిన్ నిలబడి తిరిగితే గంటకు 2 లీటర్ల పైనే తాగుతుంది. ధాన్యం సీజన్‌లో మిల్లు గేటు దగ్గర క్యూలో ఎన్ని గంటలు ఉంటారో మీకే తెలుసు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారైన లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి, మంచిదే, ఆ ఎండలో మనిషి ఎలా బతుకుతాడు, కానీ ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిద్రపోయే అలవాటు వస్తే నెలాఖరుకు బిల్లు చూసి గుండె ఆగుతుంది. కొత్త బండి కొంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. టైర్లలో గాలి వారానికోసారి గేజీతో చూడండి, సుత్తితో కొట్టి చప్పుడు వినడం కాదు, గేజీతో.

ఇవన్నీ చేస్తున్నారో లేదో తేలాలంటే ఒక నోటుబుక్ పెట్టండి. బండికో పుస్తకం, ప్రతిసారీ ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు, ఒకే బంకు, కిలోమీటర్లు, లోడా ఖాళీనా. లోడు మైలేజీ వేరు, ఖాళీ మైలేజీ వేరు రాయండి, కలిపి సగటు తీస్తే నా అయస్కాంతం కథే అవుతుంది. మీ అబ్బాయిని రెండు ట్రిప్పులు క్యాబిన్‌లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఒక గీత గీయమనండి, ఎంత వేగం నుంచి ఆపారో పక్కన రాయమనండి. నేను 25 అనుకున్నాను, మీది 40 కావచ్చు, 15 కావచ్చు. ఆ పుస్తకం ఉంటే రేపు ఏ కంపెనీ సేల్స్‌మన్ వచ్చినా మీరే ప్రశ్నలు అడుగుతారు.

చివరిగా ఆ 25 వేలు. ఫోన్‌లో మాట్లాడకండి, మెసేజ్ పెట్టండి. "నా బండి మోడల్‌కు ఈ కిట్టు టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ కాపీ పంపండి, 30 శాతం గ్యారంటీ స్టాంపు పేపరు మీద రాసివ్వండి, రాకపోతే కిట్టు డబ్బు వాపసు అని అందులో ఉండాలి" అని రెండు ముక్కలు. రెండూ పంపితే నేను ఆశ్చర్యపోతాను, అప్పుడు కూడా మీ ఇన్సూరెన్స్ కంపెనీని రాతపూర్వకంగా అడగకుండా ముందుకు పోకండి. పంపకపోతే నాలుగు రోజులాగి "సర్టిఫికెట్ ఇవ్వలేదు కాబట్టి అడ్వాన్స్ తిప్పి పంపండి" అని ఇంకో మెసేజ్. డబ్బు పంపిన రసీదు ఫోన్‌లో ఉంటే స్క్రీన్‌షాట్ తీసి అబ్బాయికి కూడా పంపి పెట్టండి. "పనులు మొదలుపెట్టినం, సామాను వచ్చింది" అంటాడు, అనగానే బండి పంపించకండి. బండి అతని షెడ్డులోకి పోయిందంటే ఇక మీ 25 వేలు కాదు, మీ బండే అతని దగ్గర అడ్వాన్స్ అవుతుంది.